ప్రాణం దక్కినవాళ్లు తమకు తామే వేసుకునే శిక్ష

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒకచోట చేర్చి సమాధానం రాస్తున్నాను. రాసినవారు ఒకరికొకరు తెలియదు, వారి కష్టాలూ వేరు వేరు. అయినా పెద్ద ఆపద గడిచిన తరువాత మనిషి తనను తాను ఏ కంటితో చూసుకోవాలన్న ప్రశ్న మూడింటిలోనూ ఉంది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాము.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాకు 34 ఏళ్లు. ఇంటర్ చదివే మా బిడ్డతో ఈ ఉత్తరం రాయిస్తున్నాను. పోయిన ఏడు పత్తి ఏరే రోజుల్లో పక్క మండలానికి కూలికి పోతూ ఒకే ఆటోలో పదిమందికి పైగా ఎక్కాము. ఆ పొద్దు మా తోడికోడలు ఒంట్లో బాగాలేదు, రానన్నది. "ఇంట్ల ఉండి ఏం జేస్తవ్, రా పోదాం" అని నేనే బతిమాలి తీసుకుపోయాను. ఎదురొచ్చిన లారీని తప్పించబోయి ఆటో బోల్తా పడింది. ఆమె అక్కడికక్కడే పోయింది. నాకు చెయ్యి విరిగి అతుక్కున్నది. ఇప్పటికీ ఆటో చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది. రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తాను. కూలికి పోవడం మానేశాను. ఆమె బిడ్డ ఎదురుపడితే తల దించుకుంటాను. మొన్న బతుకమ్మకు కొత్త చీర కట్టుకోమంటే చేతులు రాలేదు. ఆసుపత్రిలో ఒక మేడమ్ "నీ మీద నువ్వు దయ చూపించుకోవాలి" అన్నది. చచ్చిపోయింది ఆమె అయితే దయ నాకెందుకు?

సమాధానం: చెల్లెమ్మా, ఈ మాటలను కన్నబిడ్డ చేత రాయించడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఆ అమ్మాయే ఈ సమాధానాన్నీ మీకు చదివి వినిపిస్తుంది కనుక ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మొదట మీ లక్షణాల సంగతి. చప్పుడుకు గుండె దడ, రాత్రి ఉలికిపాటు, జరిగినదాన్ని గుర్తుచేసే పనికి దూరంగా ఉండడం ఒక నెల దాటి కొనసాగుతూ, రోజువారీ బతుకును అడ్డుకుంటూ ఉంటే వైద్యులు దానిని పీటీఎస్‌డీ, అంటే పెద్ద ఆపద తరువాత మనసుకు పట్టే జబ్బు అనే కోణం నుంచి పరిశీలిస్తారు. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం తగదు, అది వైద్యులు మీతో ముఖాముఖి మాట్లాడి తేల్చవలసిన విషయం. అయితే ఒక సంగతి మాత్రం మీకు ఇప్పుడే తెలియాలి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ జబ్బుకు మొదటిసారి చోటు ఇచ్చింది. 2013లో ఆ గ్రంథాన్ని సవరించినప్పుడు, జరిగినదానికి కారణం తానేనని మనిషి వాస్తవానికి మించి నిందించుకోవడాన్ని కూడా లక్షణాల జాబితాలో చేర్చింది. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కాలడం ఎలాంటిదో, ఇంత పెద్ద దెబ్బ తరువాత "నా వల్లనే పోయింది" అని మనసు పదేపదే అనడం అలాంటిది. ఆ మాట మీ లోపలి నుంచే వస్తున్నది కనుక అది మీ అంతరాత్మ ఇచ్చిన తీర్పులాగా వినబడుతుంది. నిజానికి అది గాయం మాట్లాడే మాట.

మనసు ఇలా ఎందుకు నిందిస్తుందంటే, ఆ నింద మోయడం వెనుక దానికొక ఆసరా దొరుకుతుంది. తప్పు మీదే అయితే, మీరు ఆ పొద్దు పిలవకుండా ఉంటే ఏమీ జరిగేది కాదు, అంటే లోకం ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు లెక్క. తప్పు మీది కాకపోతే, రోజూ ఎక్కే ఆటోలో, రోజూ పోయే దారిలో, ఏ కారణమూ లేకుండా మనుషులు పోతారని ఒప్పుకోవలసి వస్తుంది. రెండోది మరీ భయంకరమైనది కనుక మనసు మొదటిదాన్ని పట్టుకుంటుంది. కొన్నాళ్లు దానితో నిలదొక్కుకున్నట్టే ఉంటుంది. తరువాత ఆ పట్టే మనిషిని నిద్రకు, తిండికి, పనికి, పండుగకు దూరం చేస్తుంది. మీ విషయంలో జరుగుతున్నది ఇదే అని నాకు అనిపిస్తున్నది.

కాబట్టి ఆ పొద్దును ఒకసారి న్యాయంగా చూడండి. మీరు పిలిచినప్పుడు మీకు తెలిసినదేమిటి? పత్తి రాలిపోకముందే ఏరాలి, కూలి డబ్బు ఇద్దరికీ అవసరం, తోడు ఉంటే పని బరువు తెలియదు. లారీ వస్తుందని మీకు తెలియదు. ప్రమాదం జరిగిన తరువాత తెలిసినదాన్ని తీసుకుపోయి, ఇంకా ఏమీ తెలియని ఆ పొద్దుటి మనిషి తలలో పెట్టి, "నీకు తెలిసి కూడా పిలిచావు" అని మిమ్మల్ని మీరే శిక్షిస్తున్నారు. ఆ ఆటోలో అంతమందిని ఎక్కించినవారెవరు, లారీ ఎంత వేగంతో వచ్చింది, ఆ దారి వెడల్పెంత, పొద్దున్నే పొలానికి చేరడానికి కూలి మనుషులకు వేరే బండి ఏముంది? ఇవన్నీ కలిసి ఆ ప్రమాదమైంది. ఇన్ని కారణాలలో మీ పిలుపును ఒక్కదాన్నే ఎంచి పట్టుకున్నారు, అది కూడా ప్రేమతో పిలిచిన పిలుపు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పట్రీషియా రెసిక్ రూపొందించిన ఒక చికిత్సలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నలనే, తొందరపెట్టకుండా, వారం వారం కూర్చోబెట్టి అడుగుతారు.

ఇక దయ సంగతి. మీ మేడమ్ చెప్పిన మాట వెనుక ఇరవై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉన్నది. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనిని మూడు భాగాలుగా వివరించారు. బాధలో ఉన్నప్పుడు తనను తిట్టుకోకుండా ఆప్తులతో మాట్లాడినట్టు తనతో మాట్లాడుకోవడం ఒకటి. ఈ బాధ నా ఒక్కదానిదే కాదు, మనుషులందరికీ వచ్చేదేనని గుర్తించడం రెండోది. బాధను దాచిపెట్టకుండా, అందులో మునిగిపోకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలగడం మూడోది. చచ్చిపోయినామెను మీరు మరిచిపోవాలని ఇందులో ఎక్కడా లేదు. ఆమె కోసం ఏడవడం ఒకటి, ఆమె పేరు మీద మిమ్మల్ని మీరు కొట్టుకోవడం ఇంకొకటి. మొదటిది ఎంతకాలమైనా సాగనివ్వండి.

రెండో భాగం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన జిల్లాలలో అది చాలా అవసరం. 65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారులు మన ఊళ్ల మధ్య నుంచి పోతాయి. మిర్చి, పత్తి, వరినాట్ల కాలంలో ఆటోలలో, ట్రాక్టర్లలో కూలి మనుషులను కుక్కి తీసుకుపోవడం మనం రోజూ చూసేదే. 2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గరి పాలెం వద్ద బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడు పోయినవారి లెక్క పేపర్లలో వస్తుంది. బయటపడినవారు, చివరి నిమిషంలో ప్రయాణం మానుకున్నవారు, టికెట్ కొనిచ్చి బస్సు ఎక్కించినవారు ఆ తరువాత ఏమి మోస్తున్నారో ఎక్కడా నమోదు కాదు. వారిలో ఎందరో మీలాగే "నేను అట్ల చేయకపోతే" అనుకుంటూ రాత్రులు గడిపి ఉంటారు. మీరు ఒంటరిగా నిలబడ్డ పాపి కారు. మీలాంటివారు ఎందరో ఉన్నారు, ఒకరి మాట ఒకరికి తెలియదు, అంతే.

మరి దయతో జబ్బు ఎలా తగ్గుతుంది? బ్రిటన్‌కు చెందిన పాల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని ఇలా వివరిస్తారు. ఆపదను పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేసే వ్యవస్థ ఒకటి మనలో ఉన్నది. ఆప్యాయత, భద్రత దొరికినప్పుడు ఒంటిని శాంతపరిచే వ్యవస్థ మరొకటి ఉన్నది. బయటివారు తిట్టినప్పుడు ఎలా మేల్కొంటుందో, మనల్ని మనం తిట్టుకున్నప్పుడు కూడా ఆ మొదటి వ్యవస్థ అలాగే మేల్కొంటుంది. ప్రమాదం జరిగి ఏడాది కావస్తున్నా మీ ఒళ్లు ఇంకా ఆ రోడ్డు మీదనే ఉన్నట్టు ఉలిక్కిపడుతుంటే, లోపల రోజంతా సాగే తిట్లు దానిని నిద్రపోనివ్వడం లేదు. ఒళ్లు కొంత శాంతించినప్పుడే ఆ జ్ఞాపకాన్ని పారిపోకుండా చూడగలుగుతాము. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగివచ్చిన అమెరికా సైనికుల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదట తమ పట్ల తాము దయగా ఉన్నవారికి ఏడాది తరువాత ఈ జబ్బు లక్షణాలు తక్కువగా కనిపించాయి. యుద్ధరంగంలో వారు చూసిన ఘోరాల ఎక్కువ తక్కువలను లెక్కలోకి తీసుకున్నా ఆ ఫలితం నిలిచింది.

చేయవలసినది చిన్నగా మొదలుపెట్టండి. రాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు కూర్చొని రెండు పాదాలూ నేలకు ఆనించండి, ఒక అరచేతిని ఎద మీద పెట్టుకోండి, గాలి పీల్చినదానికన్నా నిదానంగా వదలండి. "భయమైతున్నది, ఇది ఆ రోజు కాదు, నేను మా ఇంట్ల ఉన్న" అని మీ మాటలోనే మెల్లగా అనుకోండి. పగటిపూట తీరిక దొరికినప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: ఆ రోజు పిలిచింది ఆమె, పోయింది మీరు అయి ఉంటే, ఆమె ఈ ఏడాదంతా ఇలా కుమిలిపోవాలని మీరు కోరుకునేవారా? ఆమెకు మీరు ఏమి చెప్పేవారో అది మీ అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించి, అప్పుడప్పుడు చదివించుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చాలాకాలం దయ ఎరుగని మనసుకు ఒక్కసారిగా మెత్తటి మాట తగిలితే, తగ్గవలసిన ఏడుపు ఎక్కువ కావచ్చు, పాత దుఃఖాలు కూడా పైకి రావచ్చు. నెఫ్‌తో కలిసి ఈ సాధనను ఎనిమిది వారాల శిక్షణగా రూపొందించిన క్రిస్టఫర్ గెర్మర్ దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. అలా జరిగితే మీరు తప్పు చేసినట్టు కాదు. ఆ పూటకు ఆపేసి, గిన్నెలు తోముకోవడమో బియ్యం ఏరడమో, చేతులకు పని చెప్పండి. ప్రమాదం జరిగిన క్షణాన్ని ఒంటరిగా కూర్చొని పదేపదే తలచుకోకండి. ఆ పని చికిత్స తెలిసినవారి దగ్గర చేయవలసినది.

ఎందుకంటే దయ చికిత్సకు తోడు మాత్రమే. జ్ఞాపకాన్ని క్రమపద్ధతిలో ఎదుర్కొనే చికిత్సలు ఈ జబ్బుకు బాగా పనిచేస్తాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి. మీకు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. అక్కడ మానసిక వైద్యులను చూడాలని అడగండి. నిద్ర రావడం లేదని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మాత్రం తెచ్చుకోకండి.

మీ తోడికోడలి బిడ్డ గురించి చివరగా. మీరు తల దించుకొని తప్పుకుంటుంటే, తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లకు పెద్దమ్మో చిన్నమ్మో కూడా దూరమైనట్టు అనిపిస్తుంది. క్షమాపణ అడగడానికి పోనవసరం లేదు. జడ వేయడానికి పోండి, ఆమె తల్లి కబుర్లు చెప్పడానికి పోండి. ఆ తల్లి నవ్వు ఎలా ఉండేదో ఆ పిల్లకు మీకన్నా బాగా చెప్పగలిగినవారు ఎందరున్నారు?

ప్రశ్న: నాది జడ్చర్ల ప్రాంతం, 41 ఏళ్లు. ఒక ప్రమాదం జరిగింది, తప్పు నిజంగా నాదే. పెళ్లి నుంచి తిరిగివస్తూ, నిద్రమత్తులో ఉన్నానని తెలిసీ బైక్ నడిపాను. వెనుక కూర్చున్న మా తమ్ముడికి కాలు తీసేశారు. నా మీద నేను దయ చూపించుకుంటే తప్పించుకున్నట్టు కాదా? రాత్రి కల్లు తాగితే తప్ప నిద్ర రావడం లేదు.

సమాధానం: మీరు "తప్పు నాదే" అని రాసిన తీరులో నిజాయితీ ఉన్నది. మీ తప్పేమీ లేదని నేను అనను, అంటే మీరు నమ్మరు కూడా. కానీ "నేను నిద్రమత్తులో బండి నడపడం తప్పు" అనే మాట ఒకటి, "నేను పనికిరానివాడిని" అనే మాట ఇంకొకటి. మొదటి మాట తమ్ముడి దగ్గరికి పోయి "ఏం కావాలిరా" అని అడిగే దారి చూపుతుంది. రెండో మాట కల్లు కాంపౌండుకు దారి చూపుతుంది. మీరు ఏ దారిన ఉన్నారో మీకే తెలుసు.

తన పట్ల దయగా ఉంటే మనిషి సోమరి అవుతాడనే అనుమానాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్క్లీ) పరిశోధకులు జులియానా బ్రైన్స్, సెరీనా చెన్ పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. తమ లోపాన్నో ఓటమినో దయతో చూడమని సూచించినవారే, దానిని సరిదిద్దుకోవడానికి ఎక్కువ ప్రయత్నం చేశారు. దీనికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ఒక తప్పును ఒప్పుకుంటే బతకలేనంత శిక్ష పడుతుందని భయం ఉన్నప్పుడు మనిషి దానిని చూడనే చూడడు, చూసినా తాగి మరిచిపోతాడు. శిక్ష కొంచెం సడలితేనే తప్పును దాని అసలు కొలతలో, పెంచకుండా తగ్గించకుండా చూడగలుగుతాడు.

కాబట్టి తమ్ముడితో ఒకసారి కూర్చొని, సాకులు లేకుండా, "నిద్ర వస్తున్నదని తెలిసీ నడిపిన, నీ కాలు పోయింది, అది నా తప్పు" అని చెప్పండి. అతను వెంటనే క్షమించాలని ఆశపెట్టుకోకండి, కోపగించుకుంటే వినండి. సదరం క్యాంపుకు తీసుకుపోయి వైకల్య ధ్రువపత్రం ఇప్పించడం, పింఛను దరఖాస్తు, కృత్రిమ అవయవం కొలతలకు తిప్పడం వంటి పనులు మీరు చేయగలిగినవి. ఆ పనులలో మీ బాధ్యత ఉన్నది. రాత్రంతా మిమ్మల్ని మీరు తిట్టుకోవడం వల్ల అతనికి ఒక్క అడుగు కూడా కలిసిరాదు.

కల్లు విషయం మాత్రం నేను తీవ్రంగానే చెప్పాలి. మన పాలమూరు వైపు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. మీకు నిద్ర కల్లుతో వస్తున్నదో, అందులో కలిపిన మత్తుమందుతో వస్తున్నదో తెలియదు. అందుకే ఈ రాత్రి నుంచి మానేస్తానని ఒట్టు పెట్టుకోకండి. అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు మాట్లాడవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వైద్యులకు ఎన్నాళ్లుగా, రోజుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పి, వారి పర్యవేక్షణలో తగ్గించుకోండి. దాని వెంటనే నిద్రకు, గుండెలోని బాధకు సరైన చికిత్స మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: అచ్చంపేట ప్రాంతంలో ఉపాధ్యాయురాలిని. మా తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నాడు. చూసినవాడు ఈ పిల్లవాడే. ముందురోజు రాత్రి ఫీజు అడిగానని, అందుకే నాన్న చనిపోయాడని నాతో అన్నాడు. అందరూ వాడిని "ఇక ఇంటికి పెద్దదిక్కువు నువ్వే" అంటున్నారు. నేను ఏమి మాట్లాడాలి?

సమాధానం: టీచర్ గారూ, ఆ పిల్లవాడు ఆ మాటను మీకు చెప్పాడంటే మీ మీద ఎంత నమ్మకముందో చూడండి. జరిగినదానికి తామే కారణమని పిల్లలు చాలా తేలికగా నమ్ముతారు, ఎవరూ కాదనకపోతే ఆ నమ్మకంతోనే పెరుగుతారు. అందువల్ల స్పష్టంగా, ఒకటికి నాలుగుసార్లు, వేర్వేరు రోజుల్లో చెప్పండి: "ఫీజు అడగడం నీ తప్పు కాదు. పిల్లలు తండ్రినే అడుగుతారు. మీ నాన్న మనసుకు అప్పటికే చాలా జబ్బు చేసింది, ఆ సంగతి మనకెవరికీ తెలియలేదు." తండ్రిని పిరికివాడని ఎవరైనా అంటే అడ్డుకోండి. ఆ మాట కొడుకు గుండెలోకి కూడా దిగుతుంది.

జరిగింది మళ్లీ మళ్లీ చెప్పమని అడగవద్దు, అడగనివ్వవద్దు. పరామర్శకు వచ్చినవారందరికీ పిల్లవాడి చేత ఆ దృశ్యాన్ని వర్ణింపజేయడం మన ఊళ్లలో ఉన్న చెడ్డ అలవాటు. ఆపద తరువాత ఇవ్వవలసిన తొలి సాయం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శిలో కూడా, మనిషిని బలవంతంగా మాట్లాడించకుండా, వారు చెప్పినప్పుడు వినమని, వారికి కావలసిన సాయంతో వారిని కలపమని ఉన్నది. వాడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే పక్కన కూర్చోండి. బంతి ఆట, పరీక్షల చదువు, మధ్యాహ్న భోజనం అన్నీ ఎప్పటిలాగే సాగనివ్వండి. నవ్వితే నవ్వనివ్వండి. పెద్దదిక్కు అనే మాటను అన్నవారిని పక్కకు పిలిచి, మళ్లీ అనవద్దని మీరే చెప్పండి, ఎందుకంటే ఏడవడానికి హక్కు లేదని ఆ మాట వాడికి నేర్పుతుంది.

వాడికి తన మీద తనకు దయ కలగాలని ఉపన్యాసం ఇస్తే పనిచేయదు. ఆ వయసులో దయ చూసి నేర్చుకునేదే. లెక్క తప్పు చేసినప్పుడు మీరు ఏ గొంతుతో మాట్లాడతారో, కొన్నాళ్లకు వాడు తనతో తాను ఆ గొంతుతోనే మాట్లాడుకుంటాడు.

నిద్ర, తిండి పూర్తిగా తప్పితే, బడికి రావడం మానేస్తే, లేదా నాన్న దగ్గరికి పోతానని ఒక్కసారి అన్నా సరే, ఆ రోజే తల్లికి చెప్పండి, వాడిని ఒంటరిగా వదలవద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు లేకుండా చేయించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక సాయం నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పిల్లలకు సంబంధించిన సాయానికి 1098 ఉన్నది. వాడి తల్లి కూడా అదే ఇంట్లో అదే దెబ్బ తిన్నది కనుక, ఆ ఫోన్ మీద మొదట ఆమెనే మాట్లాడించండి.